రెండు పేటల దారం

కిందటి వారం మనం కోడల్ని కుర్చీ మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఏడు రోజులుగా అక్కడే ఉంది. ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో పైకొక్కేనికి ఉన్న అత్తగారి కోటు అందుకుని, ఆ కోటు జేబులోంచి జారి గాలిలో ఊగుతున్న తెల్లటి దారాన్ని నోరు తెరుచుకుని చూస్తూ. దారం పొడుగునా ముడులు. ముందు ఆమెను కిందికి దించుదాం. కుర్చీ ఇంటివాళ్ళది, విరిగితే మాట పడాలి.

దించేలోగా సంగతులు ఒకసారి. కొడుకు, కోడలు, కొడుకు తల్లి, ఈ ముగ్గురూ భాష తెలియని ఈ ఊరికి వచ్చి నాలుగు నెలలైంది. వలస అన్న మాటలోనే సగం అలసట ఉంది. మిగతా సగం ఇల్లు వెతుక్కోవడంలో ఉంది. ఇప్పుడుంటున్న గది తొమ్మిది రోజుల్లో ఖాళీ చెయ్యాలి. ఇళ్ళ బ్రోకరు రెండు ఇళ్ళు చూపించాడు. బ్రోకరంటే బ్రోచేవాడని వీళ్ళు నమ్మారు గానీ, ఆయనలో బ్రోవడం తక్కువ, కరవడం ఎక్కువ. "శనివారం సాయంత్రం ఆరింటికల్లా ఏదో ఒకటి తేల్చండి. ఆరు దాటితే రెండూ పోతాయి" అన్నాడు. ఇవాళ శనివారం. ఇప్పుడు అయిదు కావస్తోంది.

మొదటి ఇల్లున్న పేట పేరు పలకాలంటే నోట్లో రెండు నాలుకలుండాలి. అందుకని వీళ్ళు దానికి దగ్గరపేట అని పేరు పెట్టుకున్నారు. అక్కణ్ణుంచి కోడలు పనిచేసే ఆసుపత్రికి నడిస్తే పన్నెండు నిమిషాలు. కాకపోతే ఆ చుట్టుపక్కల తెలుగు అక్షరం ముక్క వచ్చినవాడు లేడు. రెండోది మనపేట. ఊరికి ఆ చివర. అక్కడ కొట్ల మీద తెలుగు బోర్డులు, బెంచీల మీద తెలుగు కబుర్లు, మెట్ల మీద తెలుగు తగాదాలు. ఆసుపత్రికి మాత్రం గంటన్నర, దారిలో రెండుసార్లు రైలు మారాలి. ఒక పేటలో పలుకు లేదు. ఇంకో పేటలో పలుకు ఉంది, పలుకుతో పాటు ములుకులు కూడా ఉండొచ్చు.

కోడలు రక్తపరీక్షల గదిలో పనిచేస్తుంది. పొద్దున్న ఏడయ్యేసరికి తెల్లకోటు తొడుక్కుని గాజుగొట్టాల ముందు ఉండాలి. చేరిన మొదటి ఆరు నెలలూ పరీక్షాకాలం. పరీక్షలు చేసేవాళ్ళకి పరీక్షన్నమాట. ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి అయితే ఇక రానక్కర్లేదని పై ఆఫీసరమ్మ నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు తల్చుకుంటే కోడలికి ఇప్పటికీ చలేస్తుంది.

కొడుకు పార్సిళ్ళ వ్యాను నడుపుతాడు. ఊరంతా తిరిగే మనిషికి ఏ పేటైనా ఒకటే. అయినా ఆయన మనపేటే కావాలన్నాడు. "అమ్మకి మాట్లాడే మనిషి ఉండాలి" అన్నాడు. "అవును, అత్తయ్య కోసం మనపేటే" అంది కోడలు, మనసులో పన్నెండు నిమిషాలు లెక్కపెట్టుకుంటూనే. "మీ ఇష్టం" అంది అమ్మ. తెలుగులో ఇంతకన్నా బరువైన మాట లేదు. అందులో ఎవరి ఇష్టం దాగుందో కనుక్కోవడానికి రక్తపరీక్ష కూడా లేదు.

సరే, కోడలు కుర్చీ దిగింది.

మూడో అంతస్తు గది. కిటికీ అవతల మధ్యాహ్నం నుంచీ మంచు దిగుతోంది. ఎదుటి మేడలు ఒక్కొక్కటే కరిగిపోయి, కిటికీలు మాత్రం గాలిలో వేలాడుతున్నాయి. ఆ కిందుగా అప్పుడప్పుడు ఒక రైలు వెళ్తోంది. చక్రాలూ కనపడవు, పెట్టెలూ కనపడవు. దీపాల దండ ఒకటి ఎవరో లాగుతున్నట్టు మెల్లగా అటునుంచి ఇటు జారిపోతుంది.

కోడలు దారాన్ని బల్ల మీద పరిచింది. అయిదు మూరలుంది. సరిగ్గా అప్పుడే కొడుకు వచ్చాడు. బూట్లు విప్పుతూ బల్ల వైపు చూసి, ఒక బూటు కాలికే ఉంచుకుని దగ్గరికొచ్చాడు.

"ఇదెక్కడిది?"

"అత్తయ్య కోటు జేబులో ఉంది. ఏమిటండీ ఇది? తోరమా, తాయెత్తా?"

"కాదు, కొలత" అన్నాడు. గొంతు ఎందుకో తగ్గింది. "అమ్మ కొలత."

ఇక్కడ ఆ తల్లి సంగతి చెప్పాలి. ఆవిడ జాకెట్లు కుట్టేది. పదహారేళ్ళప్పుడు మిషను ముందు కూచున్ననాటికి ఆవిడకి అంకెలు రావు. టేపు మెడలో వేసుకుంటే అలంకారమే తప్ప ఆధారం కాదు. అందుకని మనిషికో దారం పెట్టుకుంది. మెడ దగ్గర ఒక ముడి, భుజం దగ్గర ఒకటి, చంక దగ్గర జంట ముడి, నడుం దగ్గర ఇంకోటి. తర్వాత అంకెలు నేర్చుకుంది గానీ దారం మాత్రం వదల్లేదు. ఆ దారాలన్నీ వరండా గోడకి మేకులకి వేలాడుతుండేవి. గాలి వస్తే వీధిలో ఆడవాళ్ళందరూ ఆ గోడ మీద మెల్లగా ఊగేవాళ్ళు. ఎవరు లావయ్యారో, ఎవరు చిక్కిపోయారో వాళ్ళ ఇంట్లో కంటే ముందు ఈ గోడకి తెలిసేది. అయినా ఒకరి దారం ఇంకొకరికి చూపించేది కాదు. వీధి ఒళ్ళంతా తన దగ్గరున్నా ఒక్క మాట బయటికి పోనివ్వని మనిషి. మొగుడు పోయి పంతొమ్మిదేళ్ళు. ఆ మిషనుతోనే కొడుకుని పెంచింది. ఇప్పుడావిడకి యాభై ఎనిమిది.

కొడుకు ఆ గోడ కింద పెరిగినవాడు. దారం చదవడం వాడికి పలక పట్టకముందే వచ్చు. వేలు పెట్టి మొదలుపెట్టాడు.

"ఇది మెడ. ఇక్కణ్ణుంచి... ఒకటి, రెండు, మూడు..." పదకొండు ముడులు దాటి ఆగాడు. "ఇదేమిటి! ఇన్ని ముడుల మెడ ఎవరికుంటుంది?"

"జిరాఫీకి" అంది కోడలు.

"ఉండవోయ్. ఇదిగో జంట ముడి, అంటే చంక. చంక తర్వాత ఆరు ముడులు. తర్వాత... మళ్ళీ చంక."

"మనిషికి రెండు చంకలుంటాయి కదండీ."

"ఒకే పక్కనా?"

ఇద్దరూ దారం వైపు కాస్త భయంగా చూశారు. రెండో చంక తర్వాత ఇంకో నాలుగు ముడులున్నాయి. చివర ఒక ఉచ్చు.

"చెయ్యి చూడు, రెండున్నర మూరలు. ఈవిడ ఎవరోగానీ నిలబడితే నేల ఊడవచ్చు" అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. కుర్చీలో కూలబడ్డాడు. "అర్థమైందా నీకు? అమ్మ ఎవరికో కుడుతోంది. మనకి తెలియకుండా. రోజూ పార్కుకెళ్తున్నా అని చెప్పేది అందుకే. ఇంట్లో ఏం లోటు చేశామని? నేను ఊళ్ళోవాళ్ళ పార్సిళ్ళు మోస్తున్నది ఎందుకు, మా అమ్మ మళ్ళీ పరాయివాళ్ళ చంకలు కొలవడానికా?"

ఏ దర్జీ కొడుకూ ఇంత తప్పు కొలత తీసి ఉండడు. అయితే ఆ తప్పు దర్జీ కొడుకు మాత్రమే చెయ్యగలడు. ఇంకెవరైనా అయితే దాన్ని దారమే అనుకుని చెత్తబుట్టలో వేసేవాళ్ళు.

తలుపు తెరుచుకుంది. కింద బట్టలుతికే గదిలోంచి అమ్మ బుట్ట పట్టుకుని వచ్చింది. బట్టల వెచ్చదనం గదిలోకి ముందుగా వచ్చింది, వెనక ఆవిడ. బల్ల మీద దారం చూసింది. కొడుకు మొహం చూసింది. బుట్ట దించింది.

"ముడులేం విప్పలేదు కదా?" అంది.

"ఎవరమ్మా ఈవిడ?"

"ఎవరు?"

"ఈ రెండు చంకలావిడ."

అమ్మకి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ పట్టుకుని నవ్వింది. ఈ ఊరొచ్చిన నాలుగు నెలల్లో ఆవిడ అంత నవ్వు నవ్వడం కోడలు చూడలేదు.

"ఒరేయ్ పిచ్చినాన్నా! అది మనిషి కాదురా, ఊరు."

"ఊరా?"

"ఊరే. ఆ మధ్య మనం ముగ్గురం మనపేటలో ఇల్లు చూడ్డానికి రైల్లో వెళ్ళామా? మీరిద్దరూ ఆ బ్రోకరుతో గొంతులు చించుకుంటున్నారు. నేను కిటికీ పక్కన కూచుని స్టేషనుకో ముడి వేశాను. ఈ ఊరి అక్షరాలు నాకు రావు. ముడులు వచ్చు. రైలు మారినచోట జంట ముడి. దిగి నడిచినచోట ఉచ్చు. అంతే."

కొడుకు దారం వైపు మళ్ళీ చూశాడు. పదకొండు స్టేషన్లు, ఒక మార్పు. ఆరు స్టేషన్లు, ఇంకో మార్పు. నాలుగు. గంటన్నర దూరం అయిదు మూరల్లో పడుకుని ఉంది.

"అయితే దీన్ని జేబులో ఎందుకు పెట్టుకు తిరుగుతున్నావ్?" అని అడిగాడు. అడిగాక జవాబు తనకే తట్టింది. "అమ్మా! నువ్వు ఒక్కదానివే వెళ్ళావా?"

"నాలుగుసార్లు" అంది అమ్మ, బుట్టలోంచి ఒక చొక్కా తీసి మడతపెడుతూ. "పాసు కొనిచ్చింది నువ్వేగా. పార్కుకి పాసెందుకురా, పక్క వీధికి?"

రైలు మార్చే ఆ పెద్ద స్టేషను అంటే కోడలికే భయం. కింద నాలుగు అంతస్తుల మెట్లు, పద్నాలుగు దారులు, అందరూ పరుగు. ఆ పరుగులో ఈవిడ, కోటు జేబులో చెయ్యి పెట్టుకుని, వేలితో ముడులు తడుముకుంటూ.

"ఎందుకత్తయ్యా? చెప్తే నేను తీసుకెళ్ళేదాన్నిగా."

"నువ్వు తీసుకెళ్తే నువ్వు చూపించేదే చూస్తాను." అమ్మ చొక్కా చేతులు వెనక్కి మడిచింది. "అమ్మాయ్, ఈ గదికి గోడ అనేది పేరుకే, అది తెర. మీరు రాత్రిళ్ళు మాట్లాడుకునేది నాకు వినపడుతుంది. వాడు 'అమ్మ కోసం' అంటాడు, నువ్వు 'అత్తయ్య కోసం' అంటావు. దూరం నీది, భారం నా పేరు మీద. తక్కెళ్ళో నన్ను వేసి మీరిద్దరూ చెరో పక్క నిలబడ్డారు. సరే, నా బరువెంతో నేనే చూసుకుందామని బయల్దేరాను."

కిటికీలోంచి ఇంకో దీపాల దండ జారిపోయింది. అమ్మ దాన్నే చూస్తూ చెప్పింది, ఎవరికో కల చెప్తున్నట్టు.

"మొదటిరోజు భయమేసింది. జేబులో చెయ్యి తియ్యలేదు. ఆరో ముడి దగ్గర రైలు నేల కిందనుంచి పైకొచ్చింది. అబ్బ, అమ్మాయ్! ఊరంతా మంచు. తెల్లటి తాను విప్పి పరిచినట్టుంది, ఎక్కడా కత్తెర పడలేదు. ఇళ్ళన్నీ సుద్దముక్కతో గీసినట్టున్నాయి. దులిపితే పోతాయేమో అనిపించింది. ఏటి మీద వంతెన వచ్చింది. వంతెన కాదది, కుట్టు. ఈ ఒడ్డుని ఆ ఒడ్డుకి ఎవరో తొందరగా కుట్టేశారు, పెద్దపెద్ద కుట్లు. నేను నవ్వుకున్నాను. పక్కనున్న పిల్ల కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే. మీ మావయ్య పోయాక నేను ఒక్కదాన్నే ఎక్కడికీ వెళ్ళలేదే. ఎక్కడికి వెళ్ళినా చేతిలో సంచి, సంచిలో ఎవరిదో జాకెట్టు. ఆ రోజు చేతులు ఖాళీ. ఒళ్ళు తేలిగ్గా, ఎవరిదో ఒళ్ళు తొడుక్కున్నట్టుంది."

కొడుకు రెండో బూటు సంగతి మరిచిపోయాడు.

"మనపేటలో దిగాను. దిగగానే తెలుగు. ఒకావిడ పిల్లాణ్ణి 'వెధవా, మెల్లగా' అంటోంది. ఆ 'వెధవా' వినగానే నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. బెంచీ మీద కూచున్నాను. పక్కకి ఇద్దరు వచ్చారు. 'మీదే ఊరు? ఎవరి తాలూకు? అబ్బాయేం చేస్తాడు? వ్యానా, సొంతమా? కోడలు ఉద్యోగమా? పిల్లలు లేరా? ఎన్నేళ్ళైంది? డాక్టరుకి చూపించారా?' పావుగంటలో నా బతుకంతా కుట్టు విప్పినట్టు విప్పేశారు. మంచివాళ్ళే. పాపం, టీ కూడా ఇప్పించారు. కానీ మర్నాడు వెళ్ళేసరికి ముందురోజు నేను చెప్పనివి కూడా వాళ్ళకి తెలుసు."

"పిల్లల సంగతి కూడానా?" అంది కోడలు చిన్నగా.

"ఆ సంగతే ముందు." అమ్మ చొక్కా పక్కన పెట్టి కోడలి వైపు తిరిగింది. "ఒక వీధి కొలతలు గోడకి పెట్టుకుని ఒక్కరికీ చెప్పకుండా బతికినదాన్ని. నా కోడలి కొలతలు బెంచీ మీద పంచిపెడతానా? మనవాళ్ళ మాట చెవిలో పడితే హాయి. పొద్దున్నుంచి రాత్రిదాకా నెత్తిన పడితే తలనొప్పి. అదొకటి. రెండోది విను. మూడోసారి వెళ్ళినప్పుడు నిద్రపోయాను."

"రైల్లోనా?"

"రెండో మార్పు దగ్గర దిగాలి. కళ్ళు తెరిచేసరికి చివరి స్టేషను. రెల్లుగడ్డి, నీళ్ళు, తెల్లకొంగలు. ఒక్క మనిషి లేడు. రైలు కూడా నాతోపాటే నిద్రపోయినట్టుంది. ఎంత బాగుందో చెప్పలేను, అమ్మాయ్. అరగంట అలా కూచున్నాను. ఎవరికీ ఆలస్యం కాలేదు కాబట్టి బాగుంది." ఆవిడ గొంతు మారింది. "ఆ రైల్లో నిద్రుంది. మెత్తగా ఊపుతుంది. నువ్వు తెల్లవారకముందే అది ఎక్కి, రోజూ రెండుచోట్ల సరిగ్గా మెలకువ తెచ్చుకోవాలి. ఒక్కరోజు కొంగల దగ్గర కళ్ళు తెరిస్తే నీ ఉద్యోగం సరి. ఒకవేళ దిగి వెళ్ళినా, నిద్రకళ్ళతో ఒకరి రక్తం ఇంకొకరిదని రాశావనుకో, అది జాకెట్టు కాదమ్మా, విప్పి మళ్ళీ కుట్టడానికి."

కోడలి ముక్కు చివర ఎర్రబడింది.

"ఇప్పుడు చెప్పు. నీకేం కావాలి? 'అత్తయ్య కోసం' అన్న ముక్క లేకుండా చెప్పు."

కోడలికి ఆ ముక్క తీసేస్తే వాక్యం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి, "పన్నెండు నిమిషాలు" అంది. అని, దొంగతనం ఒప్పుకున్నట్టు తల దించుకుంది.

"అదీ మాట. ఒరేయ్, నువ్వు?"

"నాదేముందమ్మా, నేను ఊరంతా తిరిగేవాణ్ణి. నీ కోసమే..."

"ఆ ముక్క తీసెయ్యి."

"తీసేస్తే ఏం లేదు."

"లేదా? మరి ఇల్లు చూడ్డానికి మనపేట వెళ్ళినరోజు ఆ సైకిలు కొట్టువాడితో గంటసేపు నిలబడ్డావే? నీకు సైకిలుందా?"

కొడుకు నవ్వాడు. ఆ నవ్వు సగంలో తెగింది. కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "రోజుకి ఎనభై తలుపులు కొడతానమ్మా. ఎనభైమంది సంతకం పెడతారు, థాంక్యూ అంటారు, తలుపేస్తారు. మంచివాళ్ళే. కానీ నాలుగు నెలల్లో ఈ ఊళ్ళో నన్నెవరూ 'ఒరేయ్' అనలేదు."

"నేనంటున్నాగా."

"నువ్వొక్కదానివే. ఆ సైకిలు కొట్టాయన 'ఏరా, ఎప్పుడొచ్చావ్?' అన్నాడు, నేనెవరో తెలియకుండానే. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు."

అత్తాకోడళ్ళిద్దరూ వాణ్ణి చూశారు. ఆరేళ్ళ కాపురంలో కోడలికి తెలియని మనిషి ఒకడు ఒంటి బూటుతో కూచుని ఉన్నాడు. మాట కోసం మొహం వాచింది ముసలావిడ కాదు, మీసాలాయన.

గోడ గడియారంలో అయిదు ముప్ఫై అయిదు.

"అయితే మనపేటే తీసుకుందాం" అంది కోడలు. ఈసారి నిజంగానే అంది. "మీకు అంత..."

"ఉండవే" అంది అమ్మ. "మళ్ళీ మొదలెట్టకు. వాడికి 'ఒరేయ్' కావాలి, ఇల్లు కాదు. ఒరేయ్ అనిపించుకోడానికి అద్దె కట్టాలా? ఆదివారం వెళ్ళరా. సైకిలు కొట్లో కూచో. కడుపునిండా తిట్టించుకునిరా. అమ్మాయ్, నీకు పని పొద్దున్నే, కాబట్టి ఇల్లు నీ పని దగ్గర. ఇక మిగిలింది నేను."

"అదేనత్తయ్యా! దగ్గరపేటలో రోజంతా మీరొక్కరే ఎలా..."

"నేను ఇంట్లో ఉంటే కదా. ప్రయాణం నేను చేస్తాను."

"ఎక్కడికి?"

"మనపేటకి. సోమవారం నుంచి. పదింటికి వెళ్తే చాలు, నిద్రపట్టినా ఫరవాలేదు." మడతపెట్టిన బట్టలు దొంతరగా సర్దుతూ, కూరగాయలు తెస్తానన్నట్టు అనేసింది. "అక్కడొక దర్జీ కొట్టుంది. జాకెట్లు కుట్టేవాళ్ళు లేక తలపట్టుకున్నారు. నాలుగోసారి వెళ్ళినప్పుడు మిషను మీద కూచోబెట్టి చూశారు. కాళ్ళు మరిచిపోలేదురా. తొక్కగానే పరుగెత్తింది."

కొడుకు లేచాడు. పరాయివాళ్ళ చంకలు కొలవడం గురించి ఒక పెద్ద మాట నోటిదాకా వచ్చింది. అమ్మ మొహం చూశాడు. రైలు కిటికీలోని మంచు ఇంకా ఆ మొహం మీద ఉంది, దాని వెనకాల ఏదో దీపం. మాట మింగేశాడు.

"దూరం కదమ్మా" అన్నాడు చివరికి.

"దూరం కాదురా, తీరిక. నలభై ఏళ్ళు వరండాలో కూచుని ఊళ్ళోవాళ్ళు నా దగ్గరికొస్తే కుట్టాను. ఇప్పుడు ఊరు చూసుకుంటూ నేను వెళ్తాను. మాట్లాడినంతసేపు మాట్లాడి, చాలనిపించగానే రైలెక్కేస్తాను. అవతల దిగేసరికి నన్నెవరూ ఏమీ అడగరు. నాకు రెండూ కావాలి. రెండూ దొరికే చోటు ఒకటే, మధ్యలో ఉన్న ఆ గంటన్నర."

అయిదూ యాభైకి కోడలు ఫోను తీసింది. బ్రోకరుకి దగ్గరపేట పేరు చెప్పింది. ఆ రెండు నాలుకల పేరు ఆ సాయంత్రం ఒక్క నాలుకతోనే తిన్నగా పలికింది. "ఖాయం" అన్నాడు బ్రోకరు. తొమ్మిదో రోజున తాళాలిస్తానన్నాడు.

కోడలు ఫోను పెట్టేసి కూచుంది. పన్నెండు నిమిషాలు కోడలి ఒళ్ళోకి వచ్చి కూచున్నాయి, పిల్లిపిల్లలా. ఇల్లు మారాక తెల్లవారుజామున ఉరుకులు లేవు. కొడుకు రెండో బూటు విప్పాడు. అమ్మ దీపం వెయ్యలేదు, వెయ్యమని ఎవరూ అడగలేదు. కిటికీలో మంచు నీలంగా మారింది. ఎదుటి మేడలు పూర్తిగా మాయమై, గది ఒక్కటే ఎటో తేలిపోతున్నట్టుంది.

"అత్తయ్యా, ఆ కొట్టు ఎవరిది?" అంది కోడలు సగం నిద్రలో ఉన్నట్టు. "మంచివాళ్ళేనా?"

"కాజాల మాస్టారని ఉన్నాడు. ఆయనదే."

"కాజాలా?"

"బొత్తాం కాజాలు. చేత్తో కుడతాడు, మిషను ముట్టడు. ఒక్క కాజాకి పావుగంట. ఆ కాజాల్ని చూస్తే బొత్తాం పెట్టుకోబుద్ధి కాదు, చూస్తూ ఉండాలనిపిస్తుంది. భార్య పోయి ఎనిమిదేళ్ళట. బెంచీ మీద వాళ్ళంతా అన్ని ప్రశ్నలు వేశారా? ఆయన నన్ను ఒక్కటే అడిగాడు."

కోడలి నిద్ర తేలిపోయింది. కొడుకు మెడ మెల్లగా తిరిగింది. కాజాలు కుట్టేవాడు ఇంట్లోంచి ఏం కాజేయబోతున్నాడో వాడికి లీలగా తోస్తోంది.

"ఏమడిగాడు?"

అమ్మ చివరి చొక్కాకి బొత్తాలు పెట్టింది. కింది బొత్తాం నుంచి పైదాకా, ఒక్కొక్కటే.

"ఎక్కడుంటారు అన్నాడు. రెండు ఇళ్ళు చూస్తున్నాం, ఇంకా తేలలేదు అన్నాను. ఆయన సూది ఆపి, 'అయితే మా ఇల్లు కూడా ఒకసారి చూడండి' అన్నాడు."

ఎక్కడో కింద రైలు వెళ్ళింది. ఈసారి దీపాలు కూడా కనపడలేదు, చప్పుడు మాత్రం వచ్చింది.

"ఏమన్నావమ్మా?" కొడుకు గొంతు పిల్లాడి గొంతులా ఉంది.

"నేనేం అనలేదు. మా అబ్బాయినీ కోడల్నీ అడగాలన్నాను. రేపు పొద్దున్న పదింటికి ఆయనే వస్తున్నాడు, మీ ఇద్దరితో మాట్లాడ్డానికి."

కోడలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోడానికో, ఏడుపు ఆపుకోడానికో ఆమెకే తెలియదు.

"అదేమిటత్తయ్యా! ఇందాకేగా మనపేటలో ఉండనన్నారు?"

అమ్మ మడతల దొంతర ఎత్తుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే అంది:

"అద్దెకి ఉండనన్నానమ్మా."